మళ్ళీ ఒకటో సంచికేనా?

ఏళ్ళ తరబడి సాగే కథలో పాత సంచికలు గుర్తుంటే ఒరిగేదేమిటి? మా మట్టుకు మాకు ఇది పిల్లల బొమ్మల పుస్తకాల ప్రశ్న కాదు.

స్టాన్ లీ, జాక్ కర్బీలు 1963లో ఎక్స్-మెన్ జట్టును సృష్టించారు. ఆ జట్టుకు శత్రువు మాగ్నెటో. 1981లో, 150వ సంచికలో, అతని బాల్యం ఆష్విట్జ్‌ మరణ శిబిరంలో గడిచిందని తెలిసింది. చేసిన నేరాలు చెరిగిపోలేదు. కానీ మనిషి అర్థమయ్యాడు. పద్దెనిమిదేళ్ళ కథ తెగకుండా ఉండబట్టే అది కుదిరింది.

2011లో డీసీ కంపెనీ 52 పుస్తకాలను ఒకటో సంచికతో మొదలుపెట్టింది. కొత్త పాఠకుడికి సులువే. పాతవన్నీ చదివి రమ్మంటే ఎవరొస్తారు? కానీ సూపర్‌మాన్ పెళ్ళి కూడా జరగనట్టే అయిపోయింది.

చందమామలో బేతాళుడూ అంతే. జవాబు చెప్పించుకుని మళ్ళీ చెట్టెక్కేవాడు. విక్రమార్కుడు అంతదాకా మోసిన మోత లెక్కలోకి రాదు.

మాదీ ఆ మోతే. వాడరేవు నుంచి పల్నాడు దాకా తరాలుగా దూది ఏకాం, మిరప కల్లాల్లో ఘాటు పీల్చాం. అయినా ఎక్కడో బాంబు పేలితే, క్రికెట్ మ్యాచ్ జరిగితే, 'మీరెటు?' అని మొదటి పేజీ నుంచి అడుగుతారు.

మాలో తప్పు చేసినవాడి తప్పు దాచమనడం లేదు. దాన్నీ గుర్తుంచుకోండి, కలిసి నడిచిన దూరాన్నీ గుర్తుంచుకోండి. ఒక్క పేజీ చింపి చూపేవాడు కథ చదివినవాడు కాడు. నిన్నటిదాకా పక్కన నడిచినవాణ్ణి ఇవాళ పేరడిగి పరీక్షించకపోవడమే జట్టు.