పరిగె, బేరం, నాలుగు గునుగు కట్టలు

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం మూడు దాటాక తాండూరులో రైలు దిగాను. ఊరు పెద్దేముల్. పొద్దుటి నుంచి అమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది: "పువ్వు సాలలేదు బిడ్డా, యాడన్న దొరికితే పట్కరా."

పండగ మీద పడ్డాక బజారున పడే జనం ఉంటారే, నేను ఆ జాతి. అందులో కంగారుంటుంది, దాని అడుగున ఒక వేట సరదా కూడా ఉంటుంది. ముందే లిస్టు రాసుకుని కొనేవాళ్లకు కావలసినవి దొరుకుతాయి. మాబోటి వాళ్లకు అనుకోనివి దొరుకుతాయి. గాజుల బండ్లు, బట్టల దుకాణాలు దాటి పోతుంటే ఒక మూలన గోనెసంచి పరుచుకుని ఒక ముసలామె కనిపించింది. ముందర నాలుగు గునుగు కట్టలు, కొంచెం తంగేడు. నిధి దొరికినట్టయింది.

"కట్టకు ముప్పయి" అంది.

అలవాటుగా బేరం మొదలుపెట్టాను. ఆమె దిగలేదు. అప్పుడు ఒక మాటన్నాను: "ఇంకో గంటైతే ఇవి ఎవరు కొంటరు అవ్వా?"

ఆమె సంచి వైపు ఒకసారి చూసింది. "యాభైకి అన్నీ తీస్కపో" అంది.

బస్సులో కిటికీ పక్కన ఆ కట్టలు ఒళ్లో పెట్టుకుని ఎంత సంబరపడ్డానో! ఆ సంబరం గురించే ఈ వ్యాసం.

గునుగు సంగతి చిత్రమైంది. రైతుకు అది కలుపు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే ఈ నేలల్లో, చేలో గునుగు లేస్తే పీకి గట్టు మీద పారేస్తారు, లేదంటే మందు కొడతారు. అదే గునుగు బతుకమ్మ రోజుల్లో తాంబాళంలో దేవత అవుతుంది. మా చిన్నప్పుడు దాన్ని ఎవరూ కొనలేదు. పొద్దున్నే పిల్లలమంతా చెలకల్లోకి పోయి, ఒళ్లంతా మంచు తడి చేసుకుని తెంపుకొచ్చేవాళ్లం. ఎవడి చేనైనా ఎవడూ అడ్డం చెప్పలేదు. మేం కలుపు తీసినట్టే కదా! మా సంతోషానికి ఎవరి నష్టమూ అంటలేదు.

ఇట్లా ఏరుకోవడానికి మనకు పాత మాట ఒకటుంది: పరిగె. కోత అయ్యాక చేలో రాలి మిగిలిన కంకులు ఏరుకోవడం. మహాభారతంలో సక్తుప్రస్థుడు అట్లా ఏరుకున్న గింజల మీదే బతికాడు. ఆ పిండిని అతిథికి పెట్టేసి ఇంటిల్లిపాదీ పస్తున్నారు. ఆ పిండి అంటిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం ధర్మరాజు అశ్వమేధంలో పొర్లినా మారలేదు. ఫ్రాన్స్‌లో ఆన్యెస్ వర్దా 2000లో ఇట్లా ఏరుకునేవాళ్ల మీద ఒక డాక్యుమెంటరీయే తీసింది. ఏరుకోవడంలో చిన్నతనం లేదు. ఒకరు వదిలేసినదాన్ని ఇంకొకరు విలువ కట్టి ఎత్తుకోవడమది.

నాకు నేను చెప్పుకున్న సమర్థన కూడా ఇదే. ఆ కట్టలు సాయంత్రమయ్యాక ఆవులు తినేవే. నేను కొనబట్టి ఆమెకు యాభై అయినా వచ్చింది. పైగా ఆమె పెట్టుబడేముంది, చెలకలోదే కదా!

లెక్క తప్పు కాదు. కానీ ఆమె వాటిని వదిలేయలేదు. పట్టుకుని కూర్చుంది. తెల్లారకముందే లేచి, మందు కొట్టని చెలక కోసం ఎంత దూరం నడిచిందో నాకు తెలియదు. ఆ నడకే ఆమె పెట్టుబడి. రాలిన కంకిని ఏరుకోవడం పరిగె. చేతిలో ఉన్న కంకి రాలేదాకా ఆ చేతిని ఒంచడం పరిగె కాదు.

బేరమాడటం తప్పని అనను. మా సంతల్లో బేరం లేకపోతే మాటే లేదు, అమ్మేవాళ్లకూ అదొక సరదా. అయితే పొద్దున పూట బేరంలో ఇద్దరికీ లేచిపోయే వీలుంటుంది. ఆమె ఇంకొకరికి అమ్ముకోవచ్చు, నేను ఇంకొకరి దగ్గర కొనుక్కోవచ్చు. పొద్దుగూకేటప్పటికి ఆ వీలు నాకే మిగిలింది. మేం ఇద్దరం ఆలస్యమైనవాళ్లమే. కాకపోతే నా ఆలస్యం నాకు చౌక తెచ్చింది, ఆమెది ఆమెను ఖాళీ చేసింది.

నన్ను తొలిచేది డెబ్బై రూపాయలు కాదు. ఆమె ముప్పయి అన్నప్పుడు కూడా నాకు పువ్వు దొరికినట్టే. యాభైకి దిగాక సంతోషం పెరిగింది. ఆ పెరిగిన భాగం పువ్వుది కాదు.

ఇంట్లో అమ్మ కట్టలు చూసి, "మంచి గునుగు, ఎంతకిచ్చిన్రు?" అంది. చెప్పాను. "అగ్గువకే" అని మెచ్చుకుంది. చీకటి పడ్డాక అందరి బతుకమ్మలతో పాటు మాదీ నీళ్లలోకి పోయింది. చెలకలో తెంపిన పువ్వేదో, బేరమాడిన పువ్వేదో నీళ్లలో తెలియలేదు.

వచ్చే పండక్కి కూడా నేను ఆలస్యంగానే పోతాను, ఆ అలవాటు పోయేది కాదు. ఏ మూలన ఏం దొరుకుతుందోనన్న సరదా కూడా వదులుకోను. ఆ ఒక్క మాట మాత్రం అనొద్దని ఉంది. అది నిజమే. నిజమని ఆమెకు నాకంటే ముందే తెలుసు.