బిల్లు సున్నా... మరి లెక్క?

2021 జనవరిలో హైదరాబాదులో నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచిత నీటి పథకం మొదలయింది. ఎన్నో ఇళ్లకు సున్నా బిల్లు వచ్చింది. పేద కుటుంబాలకు ఇది నిజంగా ఊరట. అయితే విశ్వాసి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. బిల్లు సున్నా అయితే లెక్క కూడా సున్నాయేనా?

కాదు. బిల్లు మనకూ జలమండలికీ మధ్య వ్యవహారం. నీరు మనకూ మన ప్రభువుకూ మధ్య అమానతు. ప్రతి అనుగ్రహం గురించీ ప్రశ్నించడం జరుగుతుందని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. కొన్నది, ఉచితంగా వచ్చినది అన్న తేడా అక్కడ లేదు.

నాంపల్లిలో మనం తిప్పే కుళాయి వెనుక ఏముందో ఆలోచించండి. మన పెద్దలు తాగిన ఉస్మాన్ సాగర్ (1920) నీరు పల్లానికి తనంతట తానే పారుతూ వచ్చేది. నగరం పెరిగింది. 2004 నుండి కృష్ణా, 2015 నుండి గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి వస్తున్నాయి. పంపులతో ఎత్తి పోస్తే తప్ప అవి ఎత్తున ఉన్న మన నగరానికి చేరవు. ఆ పంపులకు కరెంటు కావాలి. కరెంటులో చాలా భాగం బొగ్గు మండితేనే పుడుతుంది. కనుక వుజూ చేస్తూ వదిలేసిన కుళాయిలో పోయేది నీరొక్కటే కాదు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని ప్రామాణిక హదీసుల్లో ఉంది. ముద్ అంటే నిండు దోసెడు. పండితుల లెక్కను బట్టి సుమారు ముప్పావు లీటరు నుండి లీటరు. లోటాతో వుజూ చేసిన రోజుల్లో ఈ లెక్క కంటికి కనిపించేది. కుళాయి వచ్చాక కనిపించకుండా పోయింది. ఒకసారి కుళాయి కింద బకెట్టు పెట్టి వుజూ చేసి, ఎన్ని లీటర్లయిందో కొలిచి చూడండి. ఆరాధనలోనే ఇంత దుబారా అయితే మిగతా పనుల్లో ఎంతో!

అబిడ్స్‌లో సామాను కొన్నప్పుడు చేతికొచ్చే కవరు సంగతీ ఇంతే. ఇంటి గడప దాటగానే అది మాయం కాదు. నగరపు చెత్త ఏళ్ల తరబడి చేరిన జవహర్‌నగర్ చుట్టూ కూడా మనుషులున్నారు. దుర్వాసన, చెడిన భూగర్భజలం వారి వంతయ్యాయి. దాసుల హక్కుకు భంగం కలిగితే ఆ దాసులే క్షమించాలి. మనకు పేరు కూడా తెలియనివారిని క్షమాపణ ఎలా అడగగలం?

"ఫ్యాక్టరీలు చేసే నష్టం ముందు నా బకెట్టు నీళ్లెంత?" అని కొందరంటారు. పెద్దవారిని ప్రశ్నించవలసిందే. కాని ఒకరి భారాన్ని మరొకరు మోయని ఆ రోజున, వారి తప్పు పెద్దదైనంత మాత్రాన మనది చెరిగిపోదు.

లెక్క అడగబడక ముందే మీ లెక్క మీరు చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) బోధించేవారు. నెలకొకసారి నీటి మీటరు రీడింగు, కరెంటు యూనిట్లు, ఇంటికొచ్చిన కవర్ల సంఖ్య రాసుకోండి. పిల్లల చేత రాయించండి. కిందటి నెలతో పోల్చండి. అయితే ఈ చిట్టా మన కోసమే. పొరుగువారిని తప్పుపట్టడానికి కాదు, గొప్పలు చెప్పుకోవడానికి అసలే కాదు. ప్రదర్శనాబుద్ధి చేరితే మంచిపని కూడా వ్యర్థమవుతుంది.

బిల్లు రాని చోట కూడా లెక్క చూసుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.