తెలియక చేసిన దోషము

సరయూతీరమున చీకటిలో కడవ మునుగు ధ్వని విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని భ్రమించి, దశరథుడు బాణము విడిచెను. ఆ బాణమునకు కూలినవాడు కన్నులు లేని తల్లిదండ్రులకు జలము గొనిపోవ వచ్చిన మునికుమారుడు. వాల్మీకి మహర్షి ఈ వృత్తాంతమును దశరథుని నోటనే, అతని చివరి రాత్రి, కౌసల్యతో చెప్పించెను. అందు వృద్ధముని పలికిన మాటల భావము గమనింపదగినది. తెలిసి చేసియుండినచో రఘువంశమే నిలిచెడిది కాదు. తెలియక చేసినందున రాజు బ్రతికియున్నాడు. అయినను పుత్రశోకము అతనికిని తప్పదు. అజ్ఞానము శిక్షను తగ్గించెనే గాని ఫలమును తొలగింపలేదు. బాలుడు తిరిగి లేవలేదు.

ధర్మశాస్త్రకారులును ఈ భేదమును పాటించిరి. తెలియక చేసిన పాపమునకు లఘువైన ప్రాయశ్చిత్తము, తెలిసి చేసినదానికి గురువైన ప్రాయశ్చిత్తము విధింపబడినవి. అయితే ఈ రెంటి నడుమ మూడవది యొకటి కలదు. తెలిసికొనుటకు వీలుండియు తెలిసికొనకపోవుట. దశరథుని చీకటి నిజమైన చీకటి. ఎదుట దీపముండగా కన్నులు మూసికొని నడచి పసిబిడ్డను త్రొక్కినవాడు తాను చూడలేదనినచో ఏ పెద్దయు ఊరకుండడు. నేల, నీరు, గాలి విషయములలో నేటి గృహస్థుడు ఈ మూడవ కోవలో నున్నాడా లేదా అనునది విచారింపవలసిన ప్రశ్న.

పూర్వము ఈ విచారము ఇంత కఠినమై యుండలేదు. నీటిలో మలమూత్రములు, ఉమ్మి, రక్తము, విషము వేయరాదని మనువు నిషేధించెను. ఆపద లేకయే రాజమార్గమున మలినము వేసినవానికి రెండు కార్షాపణములు దండము విధించి, ఆ మలినమును వానిచేతనే వెంటనే తీయింపవలెననెను. వృద్ధులు, గర్భిణులు, బాలురు, ఆపదలోనున్నవారు అట్లు చేసినచో మందలింపు మాత్రమే. కాని శుభ్రపరచుట వారికిని తప్పదు. ఈ ఒక్క నియమములో ఎంతటి లోకజ్ఞత యున్నది! కౌటిల్యుడు వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండము వేసెను. పుణ్యస్థానములు, జలస్థానములు, దేవగృహములయొద్ద మలవిసర్జనము చేసినచో దండము పణముతో మొదలై పైకి పోవును. ఇవి యన్నియు కంటికి కనబడు మలినములు, ముక్కునకు తెలియు మలినములు. వీనిని గుర్తించుటకు ఎవరి ప్రకటనయు అక్కరలేదు.

నేటి దోషములు అట్టివి కావు. పలుచని ప్లాస్టిక్ సంచి చేతిలో నున్నంతసేపు శుభ్రముగనే యుండును. మిగిలిన అన్నము, అరటితొక్కలు అందులో నుంచి ముడివైచి వీథిలో పడవేసినచో, అన్నపు వాసనకు వచ్చిన గోవు సంచితో సహా మ్రింగును. అది జీర్ణము కాదు, వెలికి రాదు. కడుపులో పేరుకొని మేతకు చోటు లేకుండ చేయును. ఆ గోవునకే శుక్రవారమునాడు పసుపు కుంకుమలు పెట్టి ప్రదక్షిణము చేయు ఇల్లాలికి తన చేతి ముడి చేసిన పని తెలియదు. సంచి ఎంత పలుచనైనదైన చెత్త ఏరుకొనువారు దానిని అంతగా విడిచిపెట్టుదురు. ఎన్ని ఏరినను తూకమునకు రావు, ధర పలుకవు. కనుకనే కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రానుల కంటెను, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానుల కంటెను పలుచనైన సంచులను నిషేధించినది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ రెంటికి నడుమ, 2022 జూలై 1 నుండి, ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, అలంకారమునకు వాడు థర్మాకోలు, మిఠాయి పెట్టెలకును ఆహ్వానపత్రములకును చుట్టు పలుచని పొర మొదలగునవి నిషిద్ధములైనవి.

ఈ పట్టికను చదివినచో పెండ్లి యిల్లు కన్నులయెదుట నిలుచును. పందిటి అలంకారము, శుభలేఖ, లడ్డు పొట్లము, పానకపు గ్లాసు అన్నియు అందున్నవి. 2016లో వెలువడిన ఘనవ్యర్థముల నిబంధనలైతే, అనుమతి లేని చోట నూరుగురికి మించి సమావేశము జరుపదలచినవారు మూడు పనిదినములు ముందుగా స్థానిక సంస్థకు తెలుపవలెననియు, అచ్చటి చెత్తను వేరుచేసి అప్పగింపవలెననియు ఆదేశించినవి. ఎన్ని భజనసమాజములు, ఎన్ని వనభోజనములు ఈ మాట విని యుండును? ఏ స్మృతిలోను మైక్రాను అను మాట లేదు. తాతగారు మనుమనికి చెప్పిన ఆచారములలో లేదు. ఇది రాజపత్రములో ముద్రింపబడి, వార్తాపత్రికలో ఒక మూలకు వచ్చి, మరునాటికి పాతబడిపోవును. దానిని ఆనాడు చదివినవానికే అది తెలియును.

ఇచ్చట భక్తులలో కొందరు ఒక ఆక్షేపము చెప్పుదురు. లోకవార్తలయందు ఆసక్తి భగవద్గుణానుభవమునకు విఘ్నము కాదా? భరమును స్వామిపై నుంచిన ప్రపన్నునకు చట్టములతో, ప్రకటనలతో పని యేమి? ఈ ఆక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. ప్రాతఃకాలమున అనుసంధానము విడిచి, ఎవరు ఎవరిని దూషించిరో చదువుచు కూర్చుండు అలవాటును పెద్దలు గర్హించుట సరియైనదే. వార్తలలో ముప్పాతిక భాగము చదువకున్నను ఏ ధర్మమునకును హాని లేదు. కాని ఆక్షేపించువారు ప్రపత్తికి అంగములుగా చెప్పబడినవానిలో మొదటి రెంటిని స్మరింపవలెను. అవి ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము. ఆనుకూల్యమనగా సర్వభూతములయెడ అనుకూలముగ నుండుటయే యని పాంచరాత్రాగమమునకు చెందిన లక్ష్మీతంత్రము వివరించినది. దీనికి కారణమును భగవద్రామానుజుల సిద్ధాంతమే చెప్పుచున్నది. చేతనాచేతనములన్నియు భగవంతునికి శరీరము. ఆయన వానియందు అంతర్యామి. శరీరమును గాయపరచుచు శరీరిని సేవించుచున్నానను మాటకు అర్థము లేదు. సేవకుడు యజమానుని ఇష్టానిష్టములను అడిగి తెలిసికొనును. అది వానికి భారము కాదు, సేవలో భాగమే. ప్రాతికూల్యమును వర్జింపవలెనన్నచో ఏది ప్రాతికూల్యమో తెలియవలెను. కనబడని హానిని తెలుపు వార్త ఆ మేరకు లోకవార్తల కోవలో చేరదు.

భారత రాజ్యాంగములోనే ఈ భావమునకు దగ్గరగా వచ్చు మాట యొకటి కలదు. 1976 నాటి 42వ సవరణచే చేర్చబడిన ప్రాథమిక విధులలో, అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన ప్రకృతిని సంరక్షించుటతోపాటు ప్రాణులయెడ దయ గలిగియుండుట పౌరుని విధిగా చెప్పబడినది. శాసనగ్రంథములు సాధారణముగ హక్కులను, దండములను చెప్పును. భూతదయ అను మాటకు వానిలో చోటు దొరకుట అరుదు.

ఆచారము ఎట్లు నిలుచునో చూడగోరువారు తిరుమలకు పోవలెను. ఆ కొండపై పూచిన పూవులన్నియు స్వామికే యను భావముతో స్త్రీలు అచ్చట తలలో పూవులు ధరింపరు. మొదటిసారి కొండకు పోవు కొత్తకోడలికి ఈ సంగతి బయలుదేరునప్పుడే అత్తగారు చెప్పును; ఆమె మరొకరికి చెప్పును. దారిలో ఎవరైన మరచి పూలు పెట్టుకొన్నచో ప్రక్కనున్నవారు మెల్లగా గుర్తుచేయుదురు. ఆ కొండమీదనే 2022 నుండి ప్లాస్టిక్ సీసాలు, సంచులు నిషిద్ధములు. ఈ రెండవ నియమమును పాటించుటకు మాత్రము తనిఖీ కావలసివచ్చినది. మొదటి నియమము ఇంట మాటగా చెవిని పడినది. రెండవది గోడమీది అక్షరముగ కన్నుల ముందు నిలిచినది. అక్షరము మాటగా మారుటకు ఇంటిలో నొకరు దానిని చదివి తక్కినవారికి చెప్పవలెను. పంచాంగశ్రవణము ఉగాదినాడు ఒకరు చదువగా పదిమంది వినుట లేదా?

చెప్పువారి ధర్మమును గూర్చియు కొంత విచారింపవలెను. వినలేదని ప్రజలను నిందించుటకు ముందు, వారికి తెలియు భాషలో చెప్పబడినదా యని అడుగవలెను. ఎమ్.సి. మెహతా అను న్యాయవాది వేసిన వ్యాజ్యములో 1991లో సుప్రీంకోర్టు ఈ విషయమునే పట్టించుకొన్నది. చలనచిత్రశాలలలో పర్యావరణమును గూర్చిన స్లైడులను ఉచితముగ చూపవలెననియు, రేడియో, దూరదర్శన్ ద్వారా ప్రచారము చేయవలెననియు, విద్యాలయములలో బోధింపవలెననియు ఆదేశించినది. ప్రజలకు తెలియనిదే చట్టము సాగదని న్యాయస్థానము గుర్తించినది.

ఇంతకంటె స్పష్టమైన సందర్భము 2020లో వచ్చినది. పరిశ్రమలు, గనులు, ఆనకట్టలు మొదలగువానిని నెలకొల్పుటకు ముందు వాని వలన ప్రకృతికి కలుగు మార్పులను పరిశీలించు పద్ధతిని సవరించుటకై కేంద్రప్రభుత్వము ఒక ముసాయిదాను ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో రాజపత్రమున ముద్రించి, ప్రజల అభిప్రాయములను కోరినది. ముసాయిదా ఇంగ్లీషులోను, హిందీలోను వెలువడినది. దేశము కరోనా వ్యాధిచే ఇండ్లలో మూతవడియున్న కాలము. ఢిల్లీ హైకోర్టు జూన్ 30న గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి ముసాయిదాను అనువదింపవలెనని ఆదేశించినది. ఆ భాషలలో తెలుగు ఒకటి. అడవి ప్రక్క పల్లెలో నుండువానిని అభిప్రాయమడిగి, ఆ అడుగుటను వానికి రాని భాషలో చేయుట అడుగుట కాదని న్యాయవాదులు గాని వారికిని తోచును.

శ్రీవైష్ణవులకు ఇట్టి సందర్భము కొత్తది కాదు. గోష్ఠీపూర్ణుల యొద్ద పలుమారులు తిరిగి పొందిన రహస్యార్థమును భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరు ఆలయగోపురమునెక్కి ఎల్లరకు వినిపించిరని గురుపరంపర చెప్పుచున్నది. తాను నరకమునకు పోయినను వినినవారు తరించుట మేలని ఆయన భావించెను. నమ్మాళ్వారుల ప్రబంధము ద్రావిడవేదమై ఆలయములలో సంస్కృతవేదముతో సమానముగ గౌరవింపబడుటయు ఆ కారుణ్యఫలమే. అందరికి సంబంధించినది అందరికి అర్థమగు భాషలో చెప్పవలెనను ధర్మము ఈ సంప్రదాయమునకు ప్రాణము. గోపురమునుండి చెప్పువాడు చెప్పుచున్నప్పుడు క్రింద నిలిచినవారు చెవులు మూసికొనియుండినచో అది వేరు కథ.

ఇక దండమును గూర్చి. భోపాల్ దుర్ఘటన 1984 డిసెంబరులో జరుగగా, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. దానిని ఉల్లంఘించినవారికి అయిదేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చునని యుండెడిది. 2023 నాటి జన విశ్వాస్ చట్టము ఆ శిక్షలో కారాగారమును తొలగించి, పదివేల నుండి పదునైదు లక్షల రూపాయల వరకు ధనదండమును ఉంచినది. 2024 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. చెరసాల భయము కంటె వెంటనే పడు పెద్ద జరిమానా మేలని కొందరును, ధనవంతునికి జరిమానా ఒక ఖర్చు మాత్రమే యగునని మరికొందరును వాదింతురు. ఆ వాదమును నీతిశాస్త్రజ్ఞులు తేల్చుకొందురు గాక. గృహస్థుడు గ్రహింపవలసినది వేరు. మార్చి 31న ఏటిలో కలిసిన విషము ఏప్రిల్ 1న కలిసినదానికంటె ఎక్కువది కాదు, తక్కువది కాదు. రాజు దండమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును. చేప చచ్చుట మారదు.

ఇట్లే రెండవ వైపు కూడ. 121 మైక్రానుల సంచిని వీథిలో పారవేసినవాడు, సంచి మందము సరిపోయినది గనుక నిర్దోషినని తలచినచో, అతడు చట్టమును చదివినాడే గాని అది యెందుకు వచ్చినదో చదువలేదు. గోవు మైక్రానులను లెక్కింపదు. చట్టము కనీసపు గీత. చట్టమును తెలిసికొనువారిలో ఈ దోషము కొంత తరచుగ కనబడును. ఎంతవరకు తప్పించుకొనవచ్చునో తెలిసికొనుటకే చదువుదురు. దానికంటె చదువకుండుటయే మేలేమో! కాదు, అదియు మేలు కాదు; చదివినవాని మనస్సు ఏనాటికైనను మారవచ్చును, వినని చెవికి ఆ అవకాశమును లేదు.

వార్తాపత్రికలో చదువదగిన మరియొక ప్రకటన కలదు. దానిని తరచుగ ఎవరును చూడరు. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషను ప్రకారము, పెద్ద పరిశ్రమో గనియో ఒక ప్రాంతమునకు వచ్చుచున్నప్పుడు, ఆ జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలసియుండును. కనీసము ముప్పది దినముల ముందుగా ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటన వేయవలెను. కలెక్టరుగాని, ఆయన నియమించిన తగిన అధికారిగాని అధ్యక్షత వహించును. ఆ పరిశ్రమ వలన కలుగు ప్రభావములను గూర్చిన నివేదిక కలెక్టరు కార్యాలయములో, జిల్లా పరిషత్తులో చూచుటకు లభించును. సభలో జరిగినదంతయు వ్రాసి, చివర సభికులకు స్థానికభాషలో చదివి వినిపింపవలెను. చెరువు గట్టున ఏబదియేండ్లు వ్యవసాయము చేసిన వృద్ధుడు లేచి, ఆ చెరువునుండి దేవాలయపు తెప్పోత్సవమునకు నీరెట్లు వచ్చునో, ఏ వాగు మూసినచో అది ఎండునో తన మాటలలో రెండు నిమిషములు చెప్పినచో, ఆ రెండు నిమిషములును కాగితముపైకి ఎక్కవలసినదే. అయితే ఆ ప్రకటన పత్రికలో వచ్చిన ఉదయమున ఆ యింట ఎవరో ఒకరు దానిని చూచి, ఆయనకు చెప్పియుండవలెను.