అబ్బీ, పర్మిట్ లేకుండా వంతెన దాటొద్దు

అబ్బీ, నువ్వు పసుపు బోర్డు బండి తీసుకున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్తే శానా సంతోషమైంది. ఏడు సీట్ల బండి, కడపలో పెట్టుకొని బాడుగలకు తిప్పుతావంట. వానను నమ్మి శెనక్కాయ వేసి అప్పుల్లో దిగిపోయిన ఇండ్లు మన పక్క ఎన్ని ఉన్నాయో నీకు తెలియంది కాదు. స్టీరింగ్ పట్టుకొని బతుకుదామనుకోవడం మంచి ఆలోచనే. అయితే నీ స్నేహితుడెవరో "పర్మిట్ దేనికిరా, ఇప్పుడు గేట్లు యాడున్నాయి, నేరుగా పోవచ్చు" అన్నాడని కూడా మీ నాయన చెప్పినాడు. ఆ మాట నీ మనసులోంచి తీసెయ్యాలనే ఇంత రాస్తున్నా. రొంత ఓపికగా చదువు.

కడప, కర్నూలు, మన ఈ రెండు జిల్లాల నుంచి దారులు యాడికి పోతాయో ఒకసారి చూసుకో. కర్నూలులో బయల్దేరి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి తిరిగితే తుంగభద్ర వంతెన, అది దాటితే తెలంగాణ. అలంపురం జోగులాంబ గుడి ఆ ఒడ్డుదే. ఆలూరు మీదుగా పోతే బళ్ళారి, మంత్రాలయం దాటితే రాయచూరు. కడప నుంచి రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా పోతే వేలూరు. రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు దారిన పోతే మద్రాసు. మనవాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే వేలూరు సీఎంసీకో, హైదరాబాదు నిమ్స్‌కో పరిగెత్తాల. రాజంపేట, రాయచోటి పక్క నుంచి కువైట్ పోయే పిల్లలు విమానం ఎక్కేది మద్రాసులోనో, బెంగళూరులోనో, శంషాబాదులోనో. మొక్కులంటే అరుణాచలం, ధర్మస్థల, శబరిమల. వీటిలో ఒక్కటన్నా మన రాష్ట్రంలో ఉందా చెప్పు? నాలుగు డబ్బులు మిగిలే బాడుగలన్నీ పొలిమేర అవతలివే. అందుకే మన జిల్లాల్లో బాడుగ కారు పెట్టుకున్నోడికి పర్మిట్ సంగతి డ్రైవింగ్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఈ పొలిమేరలు మన కాళ్ళకు అలవాటు కాలేదు, అది నేను ఒప్పుకుంటా. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన రోజున తుంగభద్ర ఆ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబర్ 1న ఆ గీత చెరిగిపోయింది. మీ నాయనా నేనూ పుట్టి పెరిగిందంతా గీత లేని కాలంలోనే. అలంపురానికి పోవడమంటే పక్క ఊరికి పోయినట్టే. 2014 జూన్ 2న అదే నది మీద గీత మళ్ళీ పడింది. 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ మన బాడుగ బండ్లకు పన్ను అడగడం మొదలుపెట్టింది. ఆదోని, ఆలూరు అయితే ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనివే. ఇప్పటికీ ఆ ఊళ్ళ సంతలూ సంబంధాలూ అటే. బంధుత్వాలకు రాష్ట్రాలు అడ్డు రావు, కానీ బాడుగ బండికి వస్తాయి. మన అలవాటు ఒకటి, చట్టం ఇంకొకటి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఒక సంగతి తేల్చుకో. తెల్ల బోర్డు సొంత కారులో ఇంటిల్లిపాదీ కూర్చొని ఏ రాష్ట్రానికి పోయినా పర్మిట్ అక్కర్లేదు. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలు, డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతాయి. బండి ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉండిపోతేనే అక్కడి నంబరు తీసుకోవాల. ఇది చూసే కొందరు తెల్ల బోర్డు కారునే బాడుగకు తిప్పుతున్నారు. వాళ్ళ మాట వినొద్దు. డబ్బు తీసుకొని మనుషులను ఎక్కించుకున్న క్షణం నుంచి అది సొంత కారు కాదు. ఆ కారుకు కట్టిన ఇన్సూరెన్సు సొంత వాడకానికి కట్టింది. బాడుగలో ఏదన్నా జరిగితే కంపెనీ మొదట అడిగే ప్రశ్న అదే. నువ్వు పసుపు బోర్డు తీసుకున్నావు, ఆ నిజాయితీ అట్లే ఉండనీ.

ఇక నీ బండి సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ లేకుండా బాడుగ బండి రోడ్డెక్కకూడదు. 88వ సెక్షన్‌లో టూరిస్టు పర్మిట్ ఉంది. వెనకట దీని కోసం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది, ఒక్కో రాష్ట్రం పన్ను ఒక్కో గేటు దగ్గర కట్టాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఆలిండియా టూరిస్టు పర్మిట్‌కు కొత్త నియమాలు తెచ్చింది. 2023 మే నుంచి వాటిని ఇంకా సులువు చేసింది. పరివాహన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, సీట్లను బట్టి ఫీజు కట్టాల. కాగితాలన్నీ సరిగ్గా ఉండి ఏడు రోజుల్లో వాళ్ళు ఏ నిర్ణయమూ చెప్పకపోతే కంప్యూటరే పర్మిట్ ఇచ్చేస్తుంది. ఫీజు ఏడాదికి ఒకేసారి కట్టొచ్చు, చేతిలో అంత లేకపోతే మూడు నెలలకు కట్టొచ్చు. ఎలక్ట్రిక్ బండ్లకు ఆ ఫీజు కూడా లేదు. అందుకే "నా తావ అంత డబ్బు లేదు పెదనాయనా" అనే మాట ఇక్కడ చెల్లదు. మొదట మూడు నెలలకే కట్టు. కార్తీకంలో మాలలు వేసుకునే రోజులు వస్తాయి, పంబకు పోయే స్వాముల బాడుగలు వరస కడతాయి. దానికి ముందే పర్మిట్ చేతిలో ఉండేటట్టు చూసుకో. మాల వేసుకున్న స్వాములను కేరళ పొలిమేరలో వాలయార్ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టి నువ్వు ఫోన్‌లో కాగితాల కోసం వెతుకుతూ ఉంటే ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను.

ఏడాదికి ఒకటి రెండుసార్లే పొలిమేర దాటుతావనుకుంటే టెంపరరీ పర్మిట్ తీసుకొని, పోయే రాష్ట్రం పన్ను ఆన్‌లైన్‌లో కట్టి పోవచ్చు. నీకు అది సరిపడదు. కడపలో బండి పెట్టుకున్నోడికి వేలూరు, మద్రాసు నెలకు ఎన్నిసార్లు పడతాయో లెక్కే ఉండదు. ఇంకో మాట, పన్ను కట్టేటప్పుడు గూగుల్‌లో కనిపించిన ప్రతి వెబ్‌సైటునూ నమ్మొద్దు. ప్రభుత్వ పోర్టల్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది, అది చూసుకున్నాకే డబ్బు పంపు. ఆలిండియా పర్మిట్ ఉన్నా కొన్ని రాష్ట్రాలు తమ పన్ను వేరుగా కట్టమని అడుగుతున్నాయి, పెద్ద బస్సుల విషయంలో ఇది కోర్టుల దాకా పోయింది. అందుకని కొత్త రాష్ట్రానికి మొదటిసారి పోయేటప్పుడు ఆ దారిన తిరిగే డ్రైవర్లను ముందే అడుగు. కట్టిన ప్రతి రసీదూ ఫోన్‌లో ఒకటి, బండిలో కాగితం మీద ఒకటి పెట్టుకో. ఘాట్లలో సిగ్నల్ ఉండదు.

ఇప్పుడు నీ స్నేహితుడి మాటకు వస్తా. గేట్లు తగ్గినాయన్నది నిజమే. 2017లో జీఎస్టీ వచ్చినాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయినాయి. తెలంగాణ 2025 అక్టోబర్‌లో రవాణా చెక్‌పోస్టులు కూడా ఎత్తేసింది. ఆపేవాడు లేడు కాబట్టి అడిగేవాడు లేడనుకోవడం తప్పు. నీ బండి నంబరు కొడితే పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు తేదీలు ఏ అధికారి ఫోన్‌లోనైనా కనిపిస్తాయి. పర్మిట్ లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత జరిమానాయే పదివేలు, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉంది, బండిని స్వాధీనం చేసుకునే అధికారమూ ఉంది. కానీ నాకు దిగులు ఆ పదివేల గురించి కాదు.

నా దిగులంతా ఎవరూ ఆపని రోజు గురించే. పర్మిట్ లేకుండా పదిసార్లు హాయిగా పోయి వస్తావు, పదకొండోసారి తెల్లారుజామున యాడో లారీ వెనక తగులుతావు. అప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ పర్మిట్ చూపించమంటుంది. 2018లో అమృత్ పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పర్మిట్ లేకుండా బండి తిప్పడం చట్టాన్ని మూలంలోనే మీరడం. నష్టపోయిన కుటుంబానికి కంపెనీ ముందు డబ్బు కట్టాల, ఆ డబ్బు మొత్తం తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. యజమాని అంటే నువ్వే అబ్బీ. ట్రిబ్యునల్ వేసే మొత్తాలు లక్షల్లో ఉంటాయి. ఫైనాన్సు కంపెనీ బండిని తీసుకుపోతుంది, ఈ బాకీ మీ నాయన పొలం మీదికి వస్తుంది. పర్మిట్ ఫీజు మిగిలిందనుకున్న ఆ కొంచెం డబ్బు కోసం మూడు తరాల నేల పోతుంది. ప్రీమియం కట్టినాను కదా, ఇన్సూరెన్సు ఉంది కదా అని ధైర్యపడొద్దు. పర్మిట్ లేకపోతే ఆ పాలసీ నీకు అక్కరకు రాదు.

ఇంకొకటి, పేర్ల పట్టీ. టూరిస్టు పర్మిట్ బండిలో కూర్చున్నవాళ్ళ పేర్లు, యాడ ఎక్కినారు, యాడికి పోతున్నారు అన్నది రాసి పెట్టుకోవాలని నియమం ఉంది. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు శివార్లలో చిన్నటేకూరు దగ్గర ఏం జరిగిందో నువ్వూ చూసినావు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే స్లీపర్ బస్సు, రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిల్‌ను ఈడ్చుకుపోయి మంటల్లో కాలిపోయింది. బస్సులో ఉన్నవాళ్ళు 19 మంది పోయినారు. ఆ బస్సు రిజిస్ట్రేషన్ డామన్ డయ్యూది, తర్వాత ఒడిశాకు మార్చుకున్నది, నడిచింది మాత్రం మన రోడ్ల మీద, టూరిస్టు పర్మిట్‌తో. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రి ముందు ఆ కుటుంబాలు పడిన బాధ మాటల్లో పెట్టలేను. అంతకు ముందు 2013 అక్టోబర్ 30న ఇదే దారిలో, పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే బస్సు కాలి 45 మంది పోయినారు. అప్పుడూ ఇదే తంతు.

టూరిస్టు పర్మిట్ ఉన్నది ఒక జట్టు ఒక చోటికి పోయి రావడానికి. పెద్ద బస్సులు దాన్ని అడ్డం పెట్టుకొని రోజువారీ సర్వీసులు నడుపుతున్నాయి, తక్కువ పన్ను ఉన్న రాష్ట్రంలో బోర్డు మార్చుకొని తిరుగుతున్నాయి. పర్మిట్ కాగితం ఉందనే మాట చెప్పి బండి లోపల ఏమి ఉందో, తలుపు తెరుచుకుంటుందో లేదో ఎవరూ చూడకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నీది చిన్న బండే. అయినా నీ వరకు నువ్వు సరిగ్గా ఉండు. దారిలో చెయ్యెత్తినోళ్ళనల్లా ఎక్కించుకోవద్దు. బండెక్కిన ప్రతి ఒక్కరి పేరు, ఫోన్ నంబరు పట్టీలో రాసుకో. ఆ పట్టీ ఫోటో తీసి మీ అమ్మ ఫోన్‌కు పంపు. సీట్ల కన్నా ఎక్కువ మందిని కూర్చోబెట్టొద్దు, పెళ్ళివాళ్ళయినా, మన బంధువులయినా. అగ్గి ఆర్పే సిలిండర్ డిక్కీలో సామాన్ల కింద కాదు, నీ సీటు పక్కన ఉండాల. లొకేషన్ చూపించే పరికరం, ప్యానిక్ బటన్ పనిచేస్తున్నాయో లేదో నెలకొకసారి చూడు. ఫిట్‌నెస్ రోజున మాత్రమే వెలిగే బటన్ వల్ల ఎవరికీ మేలు లేదు.

రాత్రి బాడుగలకు ఒక్కడివే పోవద్దు. వేలూరుకు రోగిని తీసుకుపోయినా, మద్రాసులో విమానానికి దింపినా, వెంటనే తిరిగి రావద్దు. బండిలోనే సీటు వాల్చి పడుకో. బాడుగ మాట్లాడుకునేటప్పుడే పర్మిట్ ఖర్చు, పన్ను, టోలు, రాత్రి నిలిచే డబ్బు కలిపి చెప్పు. తక్కువకు వచ్చేవాడు ఇంకొకడు ఉంటే వాడితో పోనీ, బాధపడొద్దు. పర్మిట్ ఉన్న బండికి ఎందుకు రొంత ఎక్కువ ఇవ్వాలో మనుషులకు నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకుంటారు, ముఖ్యంగా ఆసుపత్రికి పోయేవాళ్ళు.

పర్మిట్ వచ్చినాక మీ పెద్దమ్మను వేలూరు కంటి ఆసుపత్రిలో చూపించాల. నీ బండిలోనే పోదాం. బాడుగ పూర్తిగా తీసుకో, మొహమాటపడొద్దు. పట్టీలో మా ఇద్దరి పేర్లూ ముందే రాసిపెట్టు.