పలక మీద రాత, రాతి మీద రాత



మొన్నటి వీడియోలో త్రిపురాంతకం చూశారు కదా. కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు. శ్రీశైలానికి తూర్పు ద్వారం ఇదే. స్వామి గుడి శ్రీచక్రం ఆకారంలో ఉంటుందని పెద్దలు చెబుతారు. వీడియోలో నోరు రాక వదిలేసిన మాట ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

ఈ క్షేత్రంలో కాకతీయుల కాలం శాసనాలు చాలా ఉన్నాయి. 1290లో కాయస్థ అంబదేవుడు వేయించింది అందులో ఒకటి. రుద్రమదేవి మీద తిరగబడ్డ సామంతుడాయన. ఎవరెవరిని గెలిచాడో వరసగా చెక్కించుకున్నాడు. 1291లో ప్రతాపరుద్రుడి సేనలు ఆయన్ని ఇక్కణ్ణుంచి తరిమేశాయి. ఆ వచ్చిన సేనానుల్లో ఒకడైన ఇందులూరి అన్నయ కూడా ఈ స్వామి దగ్గరే శాసనం వేయించాడు.

చూడండి, ఓడినవాడి రాతనీ, గెలిచినవాడి రాతనీ స్వామి తన ముంగిట్లోనే ఉంచుకున్నాడు. ఏ రాతినీ బయట పారేయలేదు. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా దీపం మాత్రం ఆయనకే వెలుగుతోంది.

త్రిపురాసురుల కథ మీకు తెలిసిందే. బంగారం, వెండి, ఇనుము పురాలు మూడూ ఒక వరుసలోకి వచ్చిన క్షణాన శివుడు ఒక్క బాణంతో కాల్చేశాడు. మన లోపలా మూడున్నాయండీ: నేను, నాది, నేనే కరెక్ట్.

మాది మార్కాపురం, పలకల ఊరు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఒకే పలక మీద దిద్దుకున్నాం. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచేసేవాళ్లం, అంతే. పెద్దయ్యాక పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగింది. రెండేళ్లుగా వాడి నంబర్ బ్లాక్‌లో పెట్టాను. వాడన్న ప్రతి మాటా మనసులో శాసనంలా చెక్కుకున్నాను.

ఆ రాళ్ల ముందు నిలబడితే సిగ్గేసింది. అంతటి అంబదేవుడి గెలుపే నిలవలేదు. నా గట్టు ఎంత?

కొండ దిగి ఫోన్ చేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మకి ప్రసాదం తెస్తున్నావా అన్నా?" అన్నాడు. నాకు గొంతు పూడుకుపోయింది.

పొలం సంగతి ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు కూర్చుని మాట్లాడుకుంటున్నాం.

మీ ఫోన్లోనూ అలాంటి నంబర్ ఉంటే, ఈ సోమవారం దీపం పెట్టేముందు ఒక్కసారి కలపండి. శాసనాలు స్వామి చూసుకుంటాడు. మనకి పలక చాలు.

హర హర మహాదేవ!