పన్నెండేండ్ల బాలుడు బడిలో ఏమి నేర్చుకుంటున్నాడు?



యేసుప్రభువు బాల్యం గురించి సువిశేషాలు చెప్పింది చాలా కొద్ది. బెత్లెహేము పశువుల తొట్టి, ఐగుప్తు ప్రయాణం, నజరేతు ఇల్లు. ఆ తరువాత ముప్పది ఏండ్ల ప్రాయం వరకు దాదాపుగా మౌనమే. ఆ మౌనంలో పునీత లూకాగారు మాత్రం ఒక సంఘటనను మనకోసం భద్రపరచారు. పాస్క పండుగకు యెరూషలేము వెళ్లిన బాలయేసు తిరుగు ప్రయాణంలో కనిపించలేదు. మరియమ్మ, జోజప్పగార్లు మూడు దినాలు వెదకి, చివరకు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ఉండగా చూచారు. అప్పటికి ఆయన వయస్సు పన్నెండేండ్లు. మూడేండ్లకొకసారి పవిత్ర కుటుంబ పండుగనాడు మనం దేవాలయంలో వినే సువిశేషం ఇదే.

పన్నెండేండ్లంటే మన లెక్కలో ఏ తరగతి? ఏడవ తరగతి. అటొక ఏడు, ఇటొక ఏడు కలుపుకుంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. ఈ మూడేండ్ల గురించే ఈ వారం మీతో మాట్లాడదలచాను.

మన ఇండ్లలో అక్షరాభ్యాసం నాడు సందడి చేస్తాం. పదవ తరగతి వచ్చిందంటే ఇల్లంతా పరీక్ష రాసినట్లే ఉంటుంది. మధ్యనున్న ఈ మూడు తరగతులను మాత్రం ఎవరూ పట్టించుకోరు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల విచారణల్లో కుటుంబాలను దర్శించినప్పుడు పెద్దలు పిల్లల గురించి చెప్పే మాటలు సాధారణంగా మూడే: ఏ బడి, ఎంత ఫీజు, ఎన్ని మార్కులు. 'ఈ రోజు ఏమి నేర్చుకొని వచ్చావు బిడ్డా?' అనే ప్రశ్న చాలా ఇండ్లలో వినబడదు.

ఒకసారి మీ బిడ్డ పుస్తకాల సంచి తెరిచి చూడండి. ఆరవ తరగతి సైన్సు పుస్తకంలో వాన ఎక్కడినుండి వస్తుందో చెప్పే పాఠం ఉంది. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో మన జిల్లాను ముంచెత్తిన వానలను ఎవరు మరచిపోగలరు? రోడ్లు తెగిపోయాయి, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది, పోచారం ప్రాజెక్టు నిండి పొర్లుతుంటే దిగువ ఊళ్లవారు ప్రాణాలు అరచేత పట్టుకొని కూర్చున్నారు. ఆ పాఠం చదివే బిడ్డకు ఆ రాత్రి ఏమి జరిగిందో అడిగే హక్కు ఉంది. మేఘం ఎట్లా పుట్టింది, చెరువు కట్ట ఎందుకు తెగింది, వాగుకు అడ్డంగా ఇండ్లు ఎవరు కట్టారు? మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరుకుతుంది. చివరి ప్రశ్నకు పెద్దలమైన మనమే జవాబు చెప్పాలి.

ఏడవ తరగతి లెక్కల్లో సాధారణ వడ్డీ, ఎనిమిదవ తరగతిలో చక్రవడ్డీ వస్తాయి. మన ఇండ్లలో ఎందరో తండ్రులు దుబాయి, మస్కట్‌ వెళ్లడానికి అప్పు చేశారు. లక్ష రూపాయలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదిగానే ఉంటుంది. ఆ బిడ్డను కూర్చోబెట్టి లెక్క కట్టమనండి. నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు. మూడేండ్లలో వడ్డీ ఒక్కటే అసలును మించిపోతుంది. పలకమీద ఈ లెక్క చేసిన పిల్లవాడు రేపు ఎవరో చూపిన కాగితంపై గుడ్డిగా వేలిముద్ర వేయడు. లెక్కల పాఠంలో కుటుంబాన్ని కాపాడే శక్తి ఉందని ఆనాడు మీకే అర్థమవుతుంది.

సాంఘిక శాస్త్రంలో పటాలు గీయడం, గ్రామ పంచాయతీ, నిజాం కాలపు భూస్వాములు, కౌలుదార్లు, చేతివృత్తులు ఉన్నాయి. ఎల్లారెడ్డి పిల్లలకు దగ్గరలోనే మంజీరపై నిజాంసాగర్‌ ఉంది. 1923లో పని మొదలుపెట్టి 1931 నాటికి ముగించారు. దాని వెనుకనున్న ఇంజనీరు నవాబ్‌ అలీ నవాజ్‌ జంగ్‌. కామారెడ్డి పిల్లలకు దోమకొండ కోట ఉంది. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్‌ వారసత్వ పురస్కారాలలో గుర్తింపు లభించింది. దూరదేశాల కట్టడాల పేర్లు కంఠస్థం చేసే మన బిడ్డలు ఈ రెండింటిని కన్నులారా చూచారా?

ఇక వారు తరగతిలో ఏమి చేస్తున్నారు? ఇప్పుడు ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు ఉంటాయి. మొదటి రకంలో మార్కులను నాలుగు భాగాలు చేశారు: తరగతిలో పాల్గొని ప్రతిస్పందించడం, రాతపని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. అంటే బట్టీ పట్టినదానికి మాత్రమే కాదు, అడిగినదానికి, చేసినదానికి కూడా మార్కులు వేయాలన్నది దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఆచరణ ఎట్లా ఉంది? ప్రాజెక్టు పని అనగానే దుకాణంలో తయారుగా దొరికే చార్టు కొని అంటిస్తున్నాం. గైడులోని నాలుగు పేజీలు జిరాక్సు తీయిస్తున్నాం. ఇప్పుడైతే సెల్‌ఫోన్‌ చెప్పింది చెప్పినట్లు దించి, కింద బిడ్డ పేరు రాయిస్తున్నాం. అమ్మా, అయ్యా, ఆలోచించండి. కొద్ది మార్కుల కోసం, తాను చేయని పనికి తన పేరు పెట్టుకోవడం ఆ బిడ్డకు నేర్పుతున్నాం. ఆదివారం సత్యోపదేశంలో అబద్ధ సాక్ష్యం పలుకరాదని చెప్పి, సోమవారం ఆ కాగితం చేతికిస్తే, ఆ బిడ్డ మన ఏ మాటను నమ్మాలి? అక్షరదోషాలున్నా, వంకర గీతలున్నా బిడ్డ తన చేతితో గీసిన చెరువు పటమే దేవుని ముందు విలువైనది.

ఇప్పుడు మళ్లీ యెరూషలేము దేవాలయానికి వెళ్దాం. పన్నెండేండ్ల యేసు అక్కడ ఏమి చేస్తున్నాడు? లూకాగారు రెండు పనులు చెప్పారు. బోధకులు చెప్పేది వింటున్నాడు, వారిని ప్రశ్నలు అడుగుతున్నాడు. సకల జ్ఞానానికి మూలమైన దేవుని కుమారుడు శిష్యుని స్థానంలో కూర్చున్నాడు! వినడంలో ఆయనకు చిన్నతనం అనిపించలేదు. అడగడంలో భయం కలుగలేదు. అడిగినందుకు బోధకులు ఆయనను కసరలేదు, ఆశ్చర్యపడ్డారు.

గురువు గురించి పునీత తోమాసు అక్వినాసుగారు ఒక చక్కని పోలిక చెప్పారు. వైద్యుడు మందు ఇస్తాడు, కాని రోగిని స్వస్థపరిచేది అతని దేహంలో దేవుడుంచిన సహజశక్తి. అట్లే ఉపాధ్యాయుడు దారి చూపుతాడు, కాని సత్యాన్ని అందుకునేది బిడ్డ సొంత బుద్ధి. ఒకరి కడుపు కోసం మరొకరు తినలేనట్లే, ఒకరి బుద్ధి కోసం మరొకరు నేర్చుకోలేరు. అందుకే ప్రశ్నను అణచడం బిడ్డ బుద్ధికి తాళం వేయడమే. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 'నోరు మూసుకొని చదువుకో' అని ఇంట్లో మనం వేసే దెబ్బను ఏ చట్టం ఆపగలదు?

ఈ మాటలు ఊరికే చెప్పడం లేదు. ప్రథమ్‌ సంస్థ గ్రామీణ పిల్లల చదువుపై చేసే అసర్‌ సర్వే 2024 నివేదిక ప్రకారం, దేశంలో ఎనిమిదవ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సగానికన్నా తక్కువ. రెండవ తరగతి పాఠాన్ని తడబడకుండా చదువలేనివారు కూడా చాలామందే ఉన్నారు. ఆ పిల్లలు ఎనిమిదేండ్లు బడికి వెళ్లారు. హాజరు పట్టీలో వారి పేరుంది, మధ్యాహ్నం అన్నం తిన్నారు, పై తరగతికి వెళ్లారు. కాని చదువు వారిని తాకలేదు. విద్యాహక్కు చట్టం హామీ పద్నాలుగేండ్ల వరకే. ఎనిమిది ముగిశాక చదువురాని బిడ్డకు తొమ్మిదవ తరగతి కొండలా కనిపిస్తుంది. అబ్బాయి కూలికి పోతాడు. అమ్మాయి తల్లి పక్కన చాట ముందర కూర్చుని తునికాకు కత్తిరిస్తుంది, ఆపై తొందరగా పెండ్లి మాటలు మొదలవుతాయి. పదవ తరగతిలో కనబడే ఓటమికి బీజం ఆరవ తరగతిలోనే పడుతుంది.

మరియమ్మ, జోజప్పగార్లు బిడ్డ మూడు దినాలు కనబడకపోతే వేదనతో వెదకారు. మన బిడ్డ అదే ఇంట్లో, అదే కంచంలో తింటూ మూడు సంవత్సరాలు తప్పిపోయి ఉంటే మనకు తెలుస్తున్నదా?

మీలో కొందరి మనసులోని మాట నాకు తెలుసు. 'ఫాదర్‌ గారూ, మాకు చదువు రాదు. పుస్తకాలేమో ఇంగ్లీషు. మేమేం చూస్తాం?' దీనికి కూడా ఆ సువిశేషంలోనే జవాబు ఉంది. కుమారుడు చెప్పిన మాట ఆ తల్లిదండ్రులకు అర్థం కాలేదని లూకాగారు దాచకుండా రాశారు. అర్థం కాలేదని మరియమ్మ ఊరుకోలేదు. ఆ మాటలన్నిటిని హృదయంలో పదిలపరచుకొన్నది. అర్థం కాకపోయినా శ్రద్ధ పెట్టవచ్చునని ఆ తల్లి మనకు నేర్పింది.

అదీగాక, 2022-23 విద్యాసంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుండి ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమం తెచ్చినప్పుడు, పాఠాన్ని ఒకవైపు తెలుగులో, ఎదుటి పేజీలో ఇంగ్లీషులో అచ్చువేసిన పుస్తకాలు కూడా ఇచ్చారు. ఆ తెలుగు పేజీ వృథాగా పోనీయకండి. ఫ్రాన్సు దేశంలో పేదపిల్లల కోసం బడులు నడిపిన పునీత జాన్‌ బాప్తిస్త్‌ దె లసాల్‌గారు (1651-1719), చదువంటే లాటిను అని అందరూ అనుకునే కాలంలో, పిల్లలకు మొదట తమ సొంత ఫ్రెంచి భాషలో చదవడం నేర్పించారు. తల్లిభాషలో అర్థమైనది పరభాషలో నిలుస్తుంది. 1950లో తిరుసభ ఆయనను ఉపాధ్యాయుల పాలకపునీతునిగా ప్రకటించింది. ఇంగ్లీషు కావలసిందే. అర్థం కాని ఇంగ్లీషును చిలుకపలుకుల్లా వల్లించడమే వద్దు.

రెండవ వాటికన్‌ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యపై వెలువరించిన ప్రకటనలో బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని బోధించింది. బడి ఆ పనిలో తోడ్పడుతుంది, తల్లిదండ్రుల స్థానాన్ని తీసుకోలేదు. కనుక ఈ వారం నుండి నాలుగు చిన్న పనులు చేయమని కోరుతున్నాను.

మొదటిది, ప్రతి సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ముందు ఒక పావుగంట బిడ్డచేత పాఠం బిగ్గరగా చదివించి, తెలుగులో చెప్పించుకోండి. బీడీలు చుడుతూ కూడా వినవచ్చు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోనులో వినవచ్చు. డబ్బు అందిందా అని అడిగే ముందు, పాఠం ఏమిటని అడుగు నాయనా!

రెండవది, మూడు నెలలకొకసారైనా బడికి వెళ్లి ఉపాధ్యాయులతో మాట్లాడండి. తగాదాకు కాదు, తెలుసుకొనడానికి. మార్కుల కాగితంతో పాటు నోటుపుస్తకాలు చూపమని అడగండి.

మూడవది, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలున్నవారు జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష గురించి తెలుసుకోండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్‌ బడుల్లో ఎనిమిది చదివే బిడ్డలు దీనిని రాయవచ్చు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు, ఎస్సీ, ఎస్టీ బిడ్డలకైతే 50 ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుండి ఇంటర్‌ రెండవ సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. చదువు మాన్పించాలనే ఆలోచనను ఈ సొమ్ము ఎన్నో ఇండ్లలో ఆపగలదు.

నాలుగవది విచారణ సంఘాలకు. మీ ఊరి దేవాలయం వారమంతా తాళం వేసి ఉండనవసరం లేదు. చదువుకున్న యువతీయువకులు వారానికి రెండు సాయంత్రాలు ఆ వసారాలో కూర్చుని చదువులో వెనుకబడిన పిల్లలకు తెలుగు చదవడం, భాగహారాలు నేర్పవచ్చు. ఏ మతం బిడ్డ వచ్చినా రానివ్వండి. 2011 జనాభా లెక్కల నాటికి మన ప్రాంతంలో అక్షరాస్యులు నూటికి అరవైమంది కూడా లేరు. ఆ లోటు తీర్చడం కూడా ప్రేమసేవయే.

ఆ పండుగ తరువాత బాలయేసు తల్లిదండ్రులతో నజరేతుకు తిరిగి వచ్చి వారికి విధేయుడై ఉన్నాడు. జ్ఞానంలోను, ప్రాయంలోను, దేవుని దయలోను, మనుష్యుల మన్ననలోను ఎదిగాడు. ప్రాయంలో ఎదగడం దానంతట అదే జరుగుతుంది. ఏటేటా బిడ్డకు చొక్కా పొట్టిదవుతుంటే మనకు తెలుస్తుంది. జ్ఞానంలో ఎదుగుతున్నాడో లేదో తెలియాలంటే మాత్రం పక్కన కూర్చోవాలి, వినాలి, అడగాలి.

బిడ్డను వెదకి కనుగొన్న మరియమ్మ, జోజప్పగార్లు మన తల్లిదండ్రులకు ఓర్పును, మన ఉపాధ్యాయులకు ప్రేమను, మన బిడ్డలకు వినే చెవిని, అడిగే ధైర్యాన్ని ప్రభువునుండి పొంది ఇత్తురుగాక. ఆమెన్‌.