ఇంజన్ కదలనప్పుడు దైవాన్ని ఎక్కడ నిలపాలి?

ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున వరి, మిర్చి పండించే రైతు తొలకరి దుక్కికి బయల్దేరే వేళ ట్రాక్టర్ స్టార్ట్ కాలేదంటే, చుట్టూ చేరినవాళ్ల నోట రెండు రకాల మాటలు వస్తాయి. ‘ఎయిర్ పట్టిందేమో, ఫిల్టర్ దగ్గర విప్పి చూడు’ అని ఒకరంటారు. ‘టైం బాగలేదు, ఎవరి దిష్టో తగిలింది’ అని ఇంకొకరంటారు. మొదటిది హేతువాది మాట అనీ రెండోది భక్తుడి మాట అనీ మనం అలవాటుగా పంచేస్తాం. ఈ పంపకం తప్పని నా వాదం. దైవాన్ని నిజంగా నమ్మేవాడు కారణం వెతికే పనిని తప్పించుకోలేడు, ఎందుకంటే ఆ పని అతనికి అప్పగించేది అతని నమ్మకమే. ఇందుకు ఆధారం వెతుక్కుంటూ పరాయి శాస్త్రాల దాకా పోనక్కర్లేదు, మన ఆస్తిక దర్శనాల్లోనే దొరుకుతుంది.

ఈశ్వరుడు ఉన్నాడని తర్కంతో నిలబెట్టడానికి న్యాయదర్శన పండితులైన నైయాయికులు పడినంత శ్రమ మరొకరు పడలేదేమో. వాళ్లలో ఒకడైన ఉదయనుడు న్యాయకుసుమాంజలి రాసిందే అందుకు. అయినా ఈశ్వరుణ్ని, కాలాన్ని, దిక్కును, అదృష్టాన్ని, అంటే పూర్వకర్మ మిగిల్చిన పుణ్యపాపాలను, వాళ్లు ‘సాధారణ కారణాల’ వరుసలో ఉంచారు. ఏ కార్యం పుట్టినా వెనక ఉండేవి అవి. కుండకూ అవే, బట్టకూ అవే. అన్నిటికీ ఉన్నది కాబట్టే ఏ ఒక్కదానికీ అది ప్రత్యేకమైన జవాబు కాలేదు. పక్క పొలంలో ట్రాక్టర్ దున్నుతోంది, ఈ పొలంలోది మొరాయించింది. ఈశ్వరుడూ కాలమూ రెండు పొలాలకూ ఒకటే అయినప్పుడు తేడా మరెక్కడో ఉండాలి, దాని పేరే అసాధారణ కారణం. అదృష్టం మనిషికో తీరు కదా అని అడగవచ్చు. నిజమే, కానీ ఆ అదృష్టం కూడా ఫలించడానికి ఒక దారి కావాలి. రైతు పాపమే పండిందనుకున్నా, అది డీజిల్ పైపులో చేరిన గాలిగానో, వదులైన బ్యాటరీ టెర్మినల్‌గానో పండాలి. కనిపించే కారణం సరిపోయే చోట కనిపించనిదాన్ని కల్పించకూడదన్నది శాస్త్రకారులు పాటించిన మర్యాద.

డీజిల్ ఇంజన్ ఈ తర్కానికి చక్కటి పరీక్ష. దానిలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోకి పీల్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో, అంతకన్నా తక్కువకో నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే అదే అంటుకుంటుంది. కాబట్టి సెల్ఫ్ స్టార్టర్ ఇంజన్‌ను చాలినంత వేగంగా తిప్పాలి, లోపల ఒత్తిడి నిలవాలి, గాలి అందాలి, డీజిల్ వేళకు చేరాలి. తాళం తిప్పగానే టక్కుమని ఆగి, లైట్లు మసకబారితే అనుమానం బ్యాటరీ మీదికో, తుప్పు పట్టిన టెర్మినళ్ల మీదికో పోవాలి. ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా సైలెన్సర్‌లోంచి పొగే రాకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదన్నమాట. తెల్లటి పొగ వస్తే డీజిల్ చేరింది కానీ మండలేదని అర్థం. పొగను చూసి కొండ మీద నిప్పును ఊహించడం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. ఇక్కడ తెల్లపొగ నిప్పు లేదని చెబుతోంది! మంచునూ దుమ్మునూ పొగ అనుకుంటే ఆ ఊహ బోల్తా పడుతుందని ఆ శాస్త్రమే హెచ్చరించింది, ఆ తెల్లపొగ కూడా నిజానికి మండని డీజిల్ ఆవిరే. ఆ మీదట పరీక్ష. ఎయిర్ పట్టిందనుకుంటే ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిఖార్సైన డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టి, మళ్లీ బిగిస్తారు. గాలి ఉన్నంతసేపు ఇంజన్ అందుకోలేదు, గాలి పోగానే అందుకుంది. అన్వయ వ్యతిరేకాలంటే ఇవే. ఒక్కోసారి అన్నీ సవ్యంగా ఉండి, లాగిన స్టాప్ నాబ్‌ను లోపలికి నెట్టడం మరిచిపోయి ఉంటారు. అలాంటిదాన్ని నైయాయికులు ప్రతిబంధకం అన్నారు. చంద్రకాంతమణి దగ్గరుంటే నిప్పు కాల్చదన్న వాదం మీద మీమాంసకులతో తగువుపడి, అడ్డు లేకపోవడమూ కారణంలో భాగమేనని తేల్చింది వాళ్లే.

మరి దసరా నాడు ట్రాక్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, టైరు కింద నిమ్మకాయ తొక్కించడం వృథాయేనా? పూజ చేశాకే స్టార్ట్ అయిందని చెప్పేవాళ్లున్నారు కదా? ముందు జరిగిందల్లా కారణం కాదని తర్కం చెబుతుంది. కుండకు మట్టి మోసిన గాడిద కుండకన్నా ముందే ఉంది, అయినా దాన్ని కుండకు కారణమనకుండా ‘అన్యథాసిద్ధం’ అని పక్కన పెట్టారు. మట్టి ఎలా వచ్చినా కుండ అవుతుంది. నిమ్మకాయ తొక్కకపోయినా ఎయిర్ తీస్తే ఇంజన్ అందుకుంటుంది, ఎయిర్ తీయకుండా బుట్టెడు నిమ్మకాయలు తొక్కించినా అందుకోదు. ఇది ఆయుధపూజను తక్కువ చేయడం కాదు. అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికొకసారి దండం పెట్టడంలో కృతజ్ఞత ఉంది, వినయం ఉంది. ఆ దండాన్ని రిపేరు పద్ధతిగా వాడుకోబోతేనే అది చిన్నబోతుంది, ఎందుకంటే ఇంజన్ అందుకోని ప్రతిసారీ దేవుడు ఓడిపోయినట్టు లెక్క కట్టాల్సి వస్తుంది.

అన్నీ చూశాక కూడా కదలకపోతే విధి అనక తప్పదా అన్నది మరో ఆక్షేపణ. అన్నీ చూశామన్న మాట ఎప్పుడూ మన జాబితా మేరకే నిజం. పైపులోని గాలీ కంటికి కనిపించదు, అంతమాత్రాన అది అదృష్టం అయిపోదు. సందేహానికి అంతెక్కడని అడిగినవాళ్లకు ఉదయనుడు ఆచరణను చూపించాడు: మనిషి తాను చేసే పనికే విరుద్ధమయ్యేంత దూరం సందేహం పోజాలదు. టైం బాగలేదన్నవాడు కూడా ఖాళీ ట్యాంకుతో తాళం తిప్పడు. కారణాల మీద నమ్మకం అతని చేతుల్లో ఉంది, ఒప్పుకోనిది నోరే.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. విధి అనే మాట బాధలో ఉన్నవాడికి ఊరట, కారణం వెతకడమంటే ‘తప్పు నీదే’ అని వేలు చూపడం అంటారు. దీనికి చరకసంహిత విమానస్థానంలో జవాబుంది. ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉంటుందా అని శిష్యుడు అగ్నివేశుడు అడిగితే, గురువు ఆత్రేయుడు బండి ఇరుసును చూపిస్తాడు. మంచి ఇరుసు సరిగా వాడితే తన కాలం నిండాకే అరుగుతుంది. అదే ఇరుసు మోయలేని బరువు వల్ల, ఎగుడుదిగుడు దారి వల్ల, లాగే పశువు లోపం వల్ల, తోలేవాడి లోపం వల్ల, శీల ఊడటం వల్ల, కందెన లేకపోవడం వల్ల నడుమనే విరుగుతుంది. అంతా ముందే నిర్ణయమైతే మందులతో పాటు మంత్రాలూ హోమాలూ దండగే అవుతాయని కూడా ఆ గురువు హెచ్చరించాడు. ఆ జాబితాలో తోలేవాడు ఒక కారణం మాత్రమే. దారి అతను వేసింది కాదు, బరువూ ప్రతిసారీ అతని ఇష్టం కాదు. 2022 జూలైలో గోదావరి ఒడ్డు ఊళ్లను ముంచింది. ఆ నీరు ట్యాంకులో చేరితే అది రైతు తప్పు కాదు. ఎవరో కల్తీ డీజిల్ అమ్మితే అదీ అతని తప్పు కాదు. విధి అనేస్తే వీళ్లందరూ తప్పించుకుంటారు, రైతొక్కడే పాపిగా మిగులుతాడు. కారణం వెతికితే ఎవరి వంతు వారికి చేరుతుంది.

ఏటూరునాగారానికి దగ్గర్లోనే ఉన్న మేడారంలో కొలువైన సమ్మక్క కథ చెప్పేదీ ఇదే. కరువొచ్చింది, కోయలు కప్పం కట్టలేకపోయారు, కాకతీయ సేన దండెత్తింది. కరువును ఎవరూ ఆపలేరు, కప్పం మాత్రం రాజు వేసిందే. సమ్మక్క ఆ రెంటినీ కలిపి ‘మన రాత’ అనుకుని ఊరుకోలేదు, కప్పం మీద తిరగబడింది. రెండేళ్లకోసారి ఆ తల్లికి బెల్లాన్ని బంగారంగా సమర్పించేవాళ్లు, దైవం పేరు చెప్పి కారణాన్ని వదిలేస్తే ఆమెను కొలిచినట్టు కాదు. మొక్కు మొక్కాలి, స్క్రూ విప్పి చూడాలి. మొదటిది అన్నిటికీ మూలమైనదాని పట్ల మన బాధ్యత, రెండోది ఈ ఒక్క ఇంజన్ పట్ల, దాని మీద బతికే ఇంటి పట్ల మన బాధ్యత.